ఇడ్లీ డబ్బా లోపలి పొర

ఆ ఉదయం తార్నాక బస్టాపులో కూర్చుని ఇడ్లీ తింటున్నాను. డబ్బా వరిగడ్డితో చేసింది. మూత మీద పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద 'మట్టిలో కలిసిపోతుంది' అన్న మాట ఉన్నాయి. అది చూసే పక్కనున్న హోటల్లో కొన్నాను. యూనివర్సిటీ క్యాంపస్ వైపు నుంచి నడిచి వచ్చిన ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని ఆ డబ్బానే చూస్తోంది.

"అక్కా, తిన్నంక ఆ డబ్బా ఒకసారి ఇస్తరా?" అంది.

ఇచ్చాను. లోపలి అంచును గోటితో గీకింది. పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి మొత్తంగా ఊడి వచ్చింది.

"ఈ డబ్బా నేను చేసిందే అక్కా. నా పీహెచ్‌డీ మొత్తం గిదే. సాంబారు కారకుండ లోపల మక్కజొన్న పిండితోని పొర వేసిన. అదైతే మట్టిల కలిసిపోతది. డబ్బాలు తయారుజేసే కంపెనీవాళ్ళు దాన్ని తీసేసి మామూలు ప్లాస్టిక్ అంటించిన్రు."

"మీ గైడ్ సార్‌కి చెప్పలేదా?"

"చెప్పిన. మార్కెట్లకొచ్చింది గద, సంతోషపడు అన్నడు. మా నాయిన ఊర్లె అందరికీ చూపిస్తుండు, మా బిడ్డ చేసిందని. ఆయనకేం చెప్పాల్నో సమజైతలేదు."

ఇంతలో ఉప్పల్ బస్సు వచ్చింది. ఆమె డబ్బాను మడిచి సంచిలో పెట్టుకుంది. పొరను మాత్రం నా చేతికిచ్చి, "ఇది నాది కాదక్కా" అని బస్సెక్కింది.

పక్కనే చెత్తడబ్బా ఉంది. అయినా నా బస్సు వచ్చేదాకా ఆ పొరను చేత్తో పట్టుకునే నిలబడ్డాను.