గుప్తి ఉందని నేను, లేదని యంత్రం

మనిషి దగ్గర ఏమీ మిగలనప్పుడు నడుం మరింత నిటారుగా నిలబడుతుందన్న సంగతి, ఆ రోజుల్లో నన్ను చూసినవాళ్ళకు తెలిసే ఉంటుంది. ఖమ్మంలో ఒక విత్తనాల కంపెనీలో కొత్త ఉద్యోగం, ఖానాపురం హవేలిలో రెండు గదుల కిరాయి ఇల్లు. (చిరునామా చెప్పేటప్పుడు ‘హవేలి’ దగ్గర గొంతు కొంచెం పెంచేవాణ్ణి.) ఇల్లందు దాటి అడవి మొదలయ్యే చోట ఒకప్పుడు మాకు కనుచూపు మేర భూములుండేవట. నాకు ఊహ తెలిసేసరికి భూములూ లేవు, పెద్ద ఇల్లూ లేదు. మిగిలింది మా తాతగారి చేతికర్ర ఒక్కటే. వెండి పిడి ఉన్న నల్లటి కర్ర. చూసేవాళ్ళకు అది కర్ర, మాకు మాత్రం గుప్తి, అంటే లోపల సన్నటి కత్తిని దాచిన కర్ర. భద్రాచలం అడవి దారిలో పులి ఎదురైతే తాతగారు ఆ కత్తిని సగం లాగారనీ, ఆ మెరుపు చూసి పులి పక్కకు తప్పుకుందనీ మా మేనత్త చెప్పేది. (సాక్షులు బండికి కట్టిన రెండు ఎడ్లు.) పూర్తిగా లాగితే రక్తం చూడకుండా లోపలికి పోదట. అందుకని ఆ తరువాత దాన్ని ఎవరూ ముట్టి లాగలేదు. మా ఇళ్ళ పెళ్ళిళ్ళలో ఆ కర్రకు ప్రత్యేకంగా ఒక కుర్చీ వేసేవాళ్ళు. పక్క కుర్చీలో కూర్చోవడానికి చుట్టాలు జంకేవాళ్ళు. అన్నీ పోయిన ఇంటికి ఆ జంకు ఒక్కటే ఆస్తి.

కంపెనీ నన్ను ఢిల్లీ మీటింగుకు విమానంలో పంపుతోందని తెలియగానే మేనత్త ఆ కర్రను పట్టుచీరలో చుట్టుకుని బస్సెక్కి వచ్చేసింది. “మనోళ్ళు గుప్తి లేకుండ పెద్ద పనికి పొలిమేర దాటలే అల్లుడా. నేల మీద పోయినా అంతే, గాలిల పోయినా అంతే” అంది. నేను నిబంధనలు ముందే చదివి ఉన్నాను. కత్తి, కత్తెర, గొడ్డలి, ఖడ్గం ఏదీ చేతి సామానులో ఉండకూడదు. పెట్టెతో పాటు కింద సామాన్ల గదిలోకి పంపవచ్చు గాని, తాతగారిని ఎవరి బట్టల సంచుల కిందో పడుకోబెట్టి తీసుకుపోవడానికి నాకు మనసొప్పలేదు. అందుకని నేనే ముందుగా చెప్పి అప్పగించాలని నిశ్చయించుకున్నాను. ప్రభుత్వం మా వంశం ఆయుధాన్ని లాంఛనంగా స్వాధీనం చేసుకుంటుంది, తిరిగి వచ్చాక లాంఛనంగా ఇస్తుంది. అందులో అవమానం లేదు సరికదా, చాలా ఏళ్ళ తరువాత ప్రభుత్వం మమ్మల్ని పట్టించుకున్నట్టు కూడా అవుతుంది.

నాతో వస్తున్న ఇల్లందు సహోద్యోగికి ఈ ఆలోచన నచ్చలేదు. ప్రతి మాట చివరా ‘జల్దీ’ అంటాడని ఆఫీసులో అతణ్ణి జల్దీ అనే పిలిచేవాళ్ళం. “పటేలా, నోరు మూసుకొని జర కుంటు. కాళ్ళు బాగలేనోళ్ళ చేతికర్ర ఆపరు” అన్నాడు.

“మా వంశంల ఎవరూ కుంటలే” అన్నాను.

“ఇయ్యాల నువ్వు మొదలువెట్టు. జల్దీ.”

నేను కుంటలేదు. విమానాశ్రయంలో తనిఖీ దగ్గర బూట్లు, బెల్టు తీసి పళ్ళెంలో పెట్టమన్నారు. (పెళ్ళికని కుట్టించిన ప్యాంటు, పెళ్ళి తప్పిపోయింది, నేను చిక్కిపోయాను.) ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో గుప్తిని ఎదురుగా నిలబెట్టి, “ఇందులో కత్తి ఉంది. మా తాతగారిది. నిబంధన ప్రకారం స్వాధీనం చేసుకోండి” అని ప్రకటించాను. వెనక వరుస మొత్తం రెండడుగులు వెనక్కి జరిగింది. అచ్చం మా పెళ్ళిళ్ళలో జరిగినట్టే. నాకు చెప్పలేనంత తృప్తి కలిగింది.

నెరిసిన మీసాల అధికారి ఒకాయన వచ్చాడు. మాట తీరు మా జిల్లాలోనే వేంసూరు వైపుది. “ఏం బాబూ, ఏదీ, తీసి చూపించండి” అన్నాడు.

“తియ్యకూడదు. తీస్తే రక్తం చూడాలి.”

“మీరెప్పుడూ తియ్యలేదా?”

“మా నాన్న కూడా తియ్యలేదు.”

“మరి లోపల కత్తుందని ఎట్లా తెలుసండీ?”

ఈ ప్రశ్న మా ఇంట్లో అంతవరకూ ఎవరూ అడగలేదు. పులి విషయం చెప్పాను. ఆయన ఓపికగా విని, కర్రను యంత్రంలోకి పంపాడు. తెర ముందున్న అమ్మాయి చూసింది. తిప్పి పంపించి ఇంకోసారి చూసింది. “ఏం లేదు సార్. గట్టి కర్ర” అంది.

“మళ్ళీ చూడండి” అన్నాను.

“ఎన్నిసార్లు చూసినా కర్రే సార్.”

“మీ యంత్రం ఎప్పుడు కొన్నది?”

“పటేలా, వదిలెయ్. విమానం పోతది” అన్నాడు జల్దీ, నా చొక్కా లాగుతూ. నేను వదల్లేదు. ఆ కర్రలో కత్తి లేకపోతే మా కుర్చీ లేదు, మా పులి లేదు, పక్కన కూర్చోవడానికి జంకిన చుట్టాలు లేరు. నేనొక విత్తనాలమ్మే కుర్రాణ్ణి, అంతే. ఈ కర్ర అపాయకరమైనదనీ, దీన్ని వదిలిపెట్టడం మీ బాధ్యతారాహిత్యమనీ గట్టిగా వాదించాను. నా ఆయుధం ఎందుకు లాక్కోరని ప్రయాణికుడు దబాయించడం వాళ్ళకు కొత్త అయి ఉండాలి.

“కత్తి లేని కర్రని మేమెట్లా లాక్కుంటాం బాబూ? పోనీ, నడవడానికి మీకు అవసరమా?” అన్నాడు అధికారి.

“అవ్ సార్, కాలు నొప్పి” అన్నాడు జల్దీ.

“నాకే కాలూ నొప్పి లేదు” అన్నాను.

“అవసరం లేకపోతే విమానంలోకి తీసుకుపోనివ్వం మరి. ఇక్కడ వదిలెయ్యాలి.”

గుప్తిగా పోగొట్టుకోవడానికి సిద్ధపడి వచ్చినవాణ్ణి, కర్రగా వదిలెయ్యాల్సి వచ్చింది. అయినా నడుం వంచలేదు. సరేనని గిర్రున వెనుదిరిగాను. చల్లటి నేల మీద అంతసేపూ బిగదీసుకుని నిలబడడం వల్ల కుడికాలు తిమ్మిరెక్కిపోయిందని అప్పుడే తెలిసింది. ఒక్క అడుగు వేశానో లేదో, కాలు మడతబడి పళ్ళెంలోని బూట్ల మీద వాలిపోయాను. (ప్యాంటు సంగతి జల్దీ చూసుకున్నాడు.) అధికారి నవ్వలేదు. వంగి, వెండి పిడి నా చేతికందించి, “ఇప్పుడు అవసరమేనండీ, పట్టుకోండి” అన్నాడు. మా వంశంలో మొదటిసారి ఒకడు కుంటుకుంటూ విమానమెక్కాడు.

ఎక్కేముందు మేనత్త ఫోన్ చేసింది. “గుంజుకున్నరా అల్లుడా?”

“లేదత్తా, పంపించిండ్రు.”

“మరి లోపల కత్తి?”

“మిషన్‌కు కనపడలే అత్తా.”

ఆవిడ తాపీగా, “కనపడతదా మరి? మీ నాయినకే కనపడలే. గా మిషన్‌కు కనపడతదా” అంది. ఆ తరువాతి పెళ్ళిలో గుప్తి కుర్చీకి మెత్త కూడా వచ్చింది. పులిని బెదరగొట్టిన కత్తి సర్కారు యంత్రం కళ్ళు కూడా కప్పిందని చుట్టాలంతా చెప్పుకున్నారు. నేను అబద్ధమాడలేదు. యంత్రానికి కనపడని మాట నిజం.

ఇప్పుడు నిజంగానే మోకాళ్ళు అరిగాయి. ఎక్కడికి వెళ్ళినా అదే కర్ర. పళ్ళెంలో పెడతాను, అటు నుంచి వస్తుంది, ఎవరూ ఏమీ అడగరు. మొన్న ఒక కుర్ర ఉద్యోగి మాత్రం పిడి చూసి ముచ్చటపడి, “లోపల ఏమన్నా ఉందా సార్?” అన్నాడు. “మీ యంత్రాన్నే అడగండి” అన్నాను. ఇప్పటికీ నేను దాన్ని లాగి చూడలేదు, చూడను కూడా. యంత్రం ఒకసారి చూసింది. మేము మూడు తరాలుగా చూడకుండా నమ్మాం. ఎవరి మాట నెగ్గాలో నాకు సందేహం లేదు. అయితే ఆ తనిఖీ దగ్గర నిలబడినప్పుడల్లా, ఒక చేత్తో ప్యాంటు, రెండో చేత్తో వంశాన్ని పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రవాడు పక్కనే కనిపిస్తాడు. నడుం వంచమని అతనికి నేనెన్నడూ చెప్పను. ముందు ఆ బెల్టేదో అడిగి పెట్టుకోమని మాత్రం చెప్పాలనిపిస్తుంది.