నాయన పాదాల పగుళ్ళు

ఈ ఉదయం దీపం పెట్టాక, నా మడమలకు రాసుకుందామని ఆముదం వెచ్చబెట్టాను. ఆ వాసనకు నాయన గుర్తొచ్చాడు. ఇత్తడి గిన్నెలో కాగే ఆముదం మన ఈడు వాళ్ళెవరూ మరిచిపోయి ఉండరు.

నాయన రంగూన్ నుంచి వలస వచ్చి, మా తీరంలోని ఉప్పు పండించే కొటార్లలో కూలికి దిగాడు. తర్వాత కూలీల సంఘం పెట్టాడు. అరవైల్లో అసెంబ్లీకి నిలబడ్డాడు. ఉప్పునీళ్ళకు పగిలిన ఆయన పాదాలకు రోజూ సాయంత్రం ఆముదం రాయడం పెద్దకూతురిగా నా పని.

ఎన్నికల సభలో కొటారు యజమాని మనిషి ఒకడు లేచి ఎగతాళి చేశాడు.

"రంగూనాయనా, నీది ఏ ఊరబ్బయా? పరాయోడికి మేమెందుకెయ్యాల ఓటు?"

నాయన కొత్త చెప్పులు విప్పి, పాదం బల్లమీద పెట్టి అందరికీ చూపించాడు.

ముందు వరసలో ఉన్న కూలీ పోలమ్మ పకపకా నవ్వింది. "ఆ పగుళ్ళు మన కొటారువే గదరా! నీ కాళ్ళు చూపించు ముందు!"

నాయన గెలిచాడు. ఆ సాయంత్రం నేను ఆముదం గిన్నె తెస్తే కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు తల్లీ. ఇవి మానినాయంటే నేను మళ్ళా పరాయోణ్ణే."

హైదరాబాదు నుంచి వచ్చిన ప్రతిసారీ కొటారు ఉప్పునీళ్ళలో దిగాకే ఇంటి గడప తొక్కేవాడు.