అత్త కువైట్ బ్యాగు

మార్కాపురంలో ఇంట్లో కూర్చొని నేను చేసే పనేందో చుట్టాలకు చెప్పడం కష్టం. పెద్ద కంపెనీల ఖరీదైన హ్యాండ్‌బ్యాగులు, ఒకరు వాడినవి, ఆన్‌లైన్‌లో మళ్లీ అమ్ముతుంటారు. వాటి ఫొటోలు నాకు పంపిస్తారు. కుట్టు, జిప్పు, లోపలి కంపెనీ పేరు అచ్చు చూసి అసలుదో నకిలీదో చెప్పాలి. బెంగళూరులో ఉన్నప్పుడు నేర్చుకున్న పని.

మా మేనత్తది కంభం. చాలా ఏళ్లు కువైట్‌లో, మంచాన పడిన ఒక ముసలామెను చూసుకుంది. ఒళ్లు తుడిచింది, అన్నం తినిపించింది. ఆమె పోయినాక, అత్త తిరిగొచ్చే రోజు ఆమె కూతురు గోధుమరంగు తోలు బ్యాగు చేతికిచ్చి, "మా అమ్మది, నువ్వే ఉంచుకో" అనిందంట. అప్పటినుంచి అత్త బైబిలు ఆ బ్యాగులోనే చర్చికి పోయేది. వచ్చేటప్పుడు దాంట్లోనే వంకాయలు, కరివేపాకు.

పోయిన ఎండాకాలం అత్తా, ఆమె కొడుకూ మా ఇంటికి వచ్చినారు. వాళ్ల బత్తాయి తోటలో బోరు ఎండిపోయింది, కొత్తది వేయడానికి డబ్బుల్లేవు. అట్లాంటి బ్యాగు ధర బావ ఎక్కడో ఫోన్లో చూసినాడు.

"పనిమనిషికి అసలుది ఎవరిస్తార్రా?" అని అత్త నవ్వింది. "డూప్లికేటని నువ్వన్నా చెప్పు పాపా. వీడు వినడంలేదు."

బ్యాగును కిటికీ దగ్గరికి తీసుకుపోయినాను. చెయ్యి పట్టుకునే చోట తోలు నల్లబడింది. కుట్లన్నీ ఒకే వాలులో ఉన్నాయి. లోపలి అచ్చు పక్కాగా ఉంది. ఇంకా చూడాల్సిన పనిలేదు.

"అసలుదే అత్తా."

అత్త కొంగుతో బ్యాగు తుడిచింది.

"అసలుదని తెలిసే ఇచ్చిందా ముసలామె కూతురు?" అనింది. కళ్లలో నీళ్లు తిరిగినాయి.

"ఎంత వస్తది?" అని బావ అడిగినాడు. అత్త బైబిలు, కళ్లద్దాలు తనే బయటికి తీసి, వాటిని పెట్టుకోవడానికి ఒక కవరు ఇమ్మనింది.

ఫొటోలు నేనే తీసి ఆన్‌లైన్‌లో పెట్టినాను. తొందరగానే అమ్ముడుపోయింది. కొత్త బోరు వేసినారు, నీళ్లు పడినాయి, తోట బతికింది. జరిగింది తప్పని ఎవరూ అనలేరు.

మొన్న ఆదివారం కంభం పోతే, అత్తతో కలిసి చర్చికి నడిచినాను. బైబిలు గుడ్డ సంచిలో ఉంది.

"ఆ ముసలామె మొహం గుర్తుచేసుకుంటే సరిగ్గా రావడంలేదు పాపా" అనింది. "ఆ ఇంట్లో ఫొటోలు తీయనిచ్చేవాళ్లు కాదు. బ్యాగు తెరిస్తే ఆమె అత్తరు వాసన వచ్చేది. ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది."

"అమ్మొద్దని ఆ రోజే అనాల్సింది కదా అత్తా."

"చెట్లు మాడిపోతుంటే ఎట్ల అంటా?"

నకిలీదని ఒక్క మాట అంటే ఆ బ్యాగు అత్త చేతిలోనే ఉండేది. తోట ఉండేది కాదు. ఏది పోతే బాగుండేదో నాకిప్పటికీ తెలియదు. ఆ కిటికీ దగ్గర మాత్రం అంత తొందరగా చెప్పకుండా, అత్తను ఒక్కదాన్నే లోపలికి పిలిచి, "నీకేం కావాలత్తా?" అని అడిగి ఉండాల్సింది అనిపిస్తుంది.