చావిడి మలుపు దగ్గర హారతి ఎందుకిస్తామంటే

నిన్న పొద్దున కాఫీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. ఫోన్ మోగింది.

"అవ్వా, ఓబులేసు తాత పోయినాడు" అన్నాడు మనవడు.

నేను నమ్మలేదు. మొన్న సాయంత్రమే మా గేటు ముందు ఆటో దిగి, "ఐడ్లింగ్ ఎక్కువ పెట్టినావు, పెట్రోలు తాగుతాండాది" అని డ్రైవర్‌ను తిట్టి మరీ లోపలికి వచ్చిన మనిషి.

తొంభైకి దగ్గరపడ్డా నోరు మాత్రం ఫుల్ రేసే.

ఓబులేసు మా పెదనాన్న కొడుకు. నాకు అన్న. పత్తికొండలో మెకానిక్ అంటే చాలామందికి ఓబులన్నే.

టైపింగ్‌లో తప్పులుంటే సర్దుకోండి. ఎనభై నాలుగేళ్ల వేళ్లు. కానీ ఈ పోస్టు నేనే రాయాలి.

మన ఇంట్లో ఏ పెళ్లి ఊరేగింపైనా చావిడి మలుపు దగ్గర ఆగుతుంది. పెళ్లికూతురికి హారతి ఇస్తారు. ఎందుకో మీలో ఒక్కరికీ తెలియదు. చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్న మనిషి నిన్న వెళ్లిపోయాడు. కాబట్టి చెప్పేస్తున్నా.

ముందు మా అక్క పెళ్లి సంగతి.

ఊరేగింపుకు నాన్న ఎవరిదో పాత కారు అడిగి తెచ్చాడు. మేళం వెనకాల నత్తనడక. డ్రైవర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడల్లా ఇంజిన్ ఆగిపోయేది. మూడుసార్లు ఆగింది.

అంతే. ఇంజిన్‌లో స్క్రూ చూడాల్సిన పెద్దలు అక్క జాతకం చూశారు!

అత్తగారింట్లో పాలు విరిగినా, గేదె తన్నినా ఒకటే మాట. "కారే ఆగిపోయిన పిల్ల కదా." ఎంత ఏడ్చిందో మా అక్క.

ఓబులన్న ఆ మరుసటి నెలే కర్నూలు పోయి ఒక షెడ్డులో చేరాడు. సేద్యగాడి కొడుక్కి ఈ గ్రీసు చేతులేంటని పెదనాన్న ఆరు నెలలు మాట్లాడలేదు. అన్న లెక్కచేస్తేనా!

రెండేళ్లకు నా పెళ్లి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడాది. నాకు పదహారు. మళ్లీ అదే కారు, ఊళ్లో ఇంకోటి దొరికితే కదా. కారు చూడగానే అక్క ఏడుపే గుర్తొచ్చింది. ఇది ఆగితే నా బతుకూ అక్క బతుకే.

అన్న మధ్యాహ్నమే వచ్చాడు. మండుటెండలో అరగంట ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఊరికే కూర్చున్నాడు. మా మామగారు విసుక్కున్నారు.

"వేడెక్కినాకనే తిప్పల్ల మామా. చల్లగా ఉన్నెప్పుడు తిప్పితే అంతా అబద్ధమే చెప్తాది" అన్నాడు.

తర్వాత, కాలు తీసినా ఇంజిన్ ఆగకుండా చూసే కార్బురేటర్ స్క్రూ కొంచెం కొంచెం తిప్పాడు. చెవి పెట్టలేదు. అరచెయ్యి పెట్టాడు, మడ్‌గార్డ్ మీద.

"మేళం మొదలైతే చెవులు పనికిరావు పాపా. చెయ్యి పెట్టి చూసుకోవల్ల. నువ్వు సీటు మీద చెయ్యి పెట్టుకోని కూచో. వణుకుతాంటే బండి బతికుండాదని. ధైర్యంగా ఉండు."

సాయంత్రం ఊరేగింపు. అన్న కారు పక్కనే నడిచాడు, బానెట్ మీద తడి టవల్, దాని మీద చెయ్యి. తప్పెట్ల మోత, పిల్లల ఈలలు. బజారు దాటింది. నా చెయ్యి సీటు మీదే ఉంది.

చావిడి మలుపు దగ్గర మేళగాళ్లు ఆగి ఆట మొదలుపెట్టారు. బండి అక్కడే నిలబడింది.

సీటు వణకడం ఆగిపోయింది.

నా గుండె కూడా ఆగిందనుకోండి. పక్కన కూర్చున్న మా ఆయనకు తెలియలేదు. డ్రైవర్‌కు చెమటలు పట్టాయి. అన్న నా వైపు ఒక్కసారి చూశాడు. వెంటనే చెయ్యెత్తి అరిచాడు.

"గట్టిగా కొట్టండప్పా మేళం! ఈడ పెండ్లికూతురికి హారతి ఈయకుండా బండి కదిలేది ల్యా! మా ఇంటి ఆనవాయితీ!"

మా ఇంట్లో అలాంటి ఆనవాయితీ ఏనాడూ లేదు!

ఆడవాళ్లు హారతి పళ్లెం కోసం పరుగులు తీశారు. ఆ హడావిడిలో అన్న బానెట్ ఎత్తి, వేడికి పెట్రోలు అందని పంపు చల్లబడేలా తడి టవల్ చుట్టి, వంగి స్క్రూ తిప్పాడు. "ఏం చేస్తాండావప్పా?" అని ఎవరో అడిగితే, "దిష్టి తీస్తాండా" అన్నాడు. మొహంలో ఒక్క బెదురు లేదు. హారతి ముగిసేసరికి డ్రైవర్‌కు సైగ చేశాడు. తప్పెట్ల మోతలో స్టార్టర్ చప్పుడు ఎవరికీ వినబడలేదు.

నా చెయ్యి కింద సీటు వణికింది. అప్పుడు ఏడ్చాను. పుట్టిల్లు వదిలి పోతున్నందుకు ఏడుస్తోంది అనుకున్నారు.

"మీ అక్క మాదిరి కాదు, నీది మంచి గడియ" అని మా అత్త ఎన్నేళ్లు మెచ్చుకుందో. నేను నోరు మూసుకుని విన్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అన్నతో ఒకసారి అన్నాను కూడా. "అక్కకు జరిగిందీ అదే కదన్నా."

"అదే పాపా. ఆ పొద్దు నేను ల్యాకపోతి, అంతే" అన్నాడు. అన్న కళ్లలో నీళ్లు చూసింది ఆ ఒక్కసారే.

అందుకే రాస్తున్నా. అందరూ చదవండి, అక్క మనవరాళ్లు ముఖ్యంగా. నా ఊరేగింపులోనూ ఇంజిన్ ఆగింది. అక్క జాతకంలో దోషం లేదు, నా గడియలో గొప్పా లేదు. ఒక స్క్రూ, ఒక అన్న. అంతే తేడా.

నిన్న సాయంత్రం అన్నను తీసుకుపోతున్న వైకుంఠరథం చావిడి మలుపుకు వచ్చింది. నేను అడ్డం వెళ్లాను.

"ఒక్క నిమిషం ఆపప్పా. ఇంజిన్ మాత్రం ఆపొద్దు."

నాకు కళ్లు తిరుగుతున్నాయేమో అని కోడళ్లు పట్టుకోబోయారు. నేను బానెట్ మీద అరచెయ్యి పెట్టాను. సన్నగా, ఒకే తీరుగా కొట్టుకుంటోంది.

డ్రైవర్ కిందికి వంగి చెప్పాడు. "పోయిన నెల తాతే పక్కన కూచోని స్క్రూ తిప్పించినాడవ్వా."

అయితే ఇంక దారిలో ఎక్కడా ఆగదులే, ఓబులన్నా.

నెమ్మదిగా, ప్రశాంతంగా పోయిరా.