ఆయుధపూజకు పేలిన తూటా

మా ఇంట్లో పిస్తోలు మా మామగారిది. ఏదో దేశంలో తయారైన పాతకాలపు సరుకు. లైసెన్సు ఇప్పుడు మా ఆయన పేరున ఉంది. ఎన్నికలు వస్తే దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించడం, అయిపోగానే తెచ్చుకోవడం, ఇంతకు మించి దానికి పనీ పాటా లేదు. ఏటా ఆయుధపూజ నాడు మాత్రం ట్రాక్టరుకూ, చేపల చెరువు మోటార్లకూ బొట్లు పెట్టాక దానికీ ఒక బొట్టు పెట్టి, చెరువు గట్టు మీద ఆకాశంలోకి ఒకసారి పేలుస్తారు. బొట్టు పెట్టే వంతు నాది, పేల్చే వంతు ఆయనది.

చిక్కంతా తూటాతోనే. అందరికీ దొరికే సైజు కాదట. ఆ ఏడు దసరా ముందు బెజవాడలో తుపాకుల దుకాణానికి ఫోన్ చేసి ధర అడిగారు. అటువైపు చెప్పింది విని, ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి దానికేసి చూశారు.

"ఒక్క తూటా డబ్బులు పెడితే చేపల మేత బస్తా వస్తుందే!" అన్నారు.

"అయితే మేతే కొనండి. ఆకాశానికేమన్నా ఆకలేస్తోందా? గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అన్నాను.

ఆయన నవ్వలేదు. తండ్రి పెట్టిన ఆనవాయితీ తన చేతుల్లో ఆగిపోతుందని దిగులు. రెండు రోజులకు గుడివాడ నుంచి మా తమ్ముడు దిగాడు. ఏటా దీపావళికి చిచ్చుబుడ్లు ఇంట్లోనే కూరుకునే ఘనుడు. బావా బావమరుదులు పెరటి వసారాలో తలుపేసుకుని ఏదో చేశారు. నేను అల్లం దంచే చిన్న రోకలి నల్లగా మాడుమొహం వేసుకుని తిరిగొచ్చింది. విసురువలకు కట్టే సీసపు గుళ్లు కొన్ని గుమ్మం దగ్గర దొర్లుతున్నాయి. దీపావళి మందు కాబోలనుకుని ఇద్దరినీ చెడామడా తిట్టి, రోకలి కడుక్కున్నాను.

పండగ నాడు బొట్టు పెట్టి పిస్తోలు ఆయనకు అందించబోతే, "ఈసారి నువ్వు పేల్చు" అన్నారు.

పెళ్లయినప్పటి నుంచి బొట్టు పెట్టడానికి తప్ప నన్ను దాని మీద చెయ్యి వెయ్యనివ్వని మనిషి! ఇన్నాళ్లకు నేనూ ఇంటి మనిషినయ్యానని పొంగిపోయాను. కొంగు దోపి, చెయ్యి పైకెత్తి నొక్కాను. తుస్సుమంది. గట్టు మీద పనివాళ్లు కిసుక్కున నవ్వారు.

"మందు చెమ్మగిల్లినట్టుంది బావా" అన్నాడు తమ్ముడు.

ఆయన దూరం నుంచే, "ఇంకోటి ఉందే, మళ్లీ నొక్కు" అన్నారు.

నాకు రోషం వచ్చింది. గారెలు చల్లారిపోతున్నాయని పిస్తోలు పీట మీద పెట్టి ఇంట్లోకి వచ్చేశాను. తమ్ముడు ఎత్తుదామని చెయ్యి చాపితే వాడినీ తిండికి లాక్కొచ్చాను.

పిస్తోలుకే ఏదో అయిందనుకుని మర్నాడు ఆయన దాన్ని బెజవాడ తీసుకెళ్లారు. కళ్లజోడు మార్పించుకోవాలని నేనూ కార్లో ఎక్కాను. దుకాణాయన పేలకుండా మిగిలిన రెండో తూటా బయటికి తీసి, వేళ్ల మధ్య తిప్పి చూశాడు. గొట్టంలోకి సన్నటి కడ్డీ దూర్చాడు. కడ్డీ సగంలో ఆగిపోయింది. దుకాణాయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఈ పాత గుల్లలో మందు ఎవరు కూరారండీ? ఇంట్లోనా? జైలుకెళ్లే పని. మొదటి గుండు గొట్టంలోనే ఇరుక్కుపోయింది. దాని వెనకాల రెండోది పేల్చుంటే పిస్తోలు చేతిలోనే బద్దలయ్యేది. చెయ్యే కాదు, మొహం కూడా మిగిలేది కాదు. ఎవరు పేల్చారు?"

"నేనే" అన్నాను. దుకాణాయన నన్ను చూసి మంచినీళ్లు తెప్పించాడు.

బయటికి వచ్చాక మా ఆయన్ని అడిగాను.

"కూరిందని తెలిసి నా చేతికెందుకిచ్చారు?"

మా ఆయనకు అబద్ధమాడటం చేతకాదు. ఆ రోజైనా చేతనైతే బాగుండేది.

"పట్టుకుంటే చెయ్యి వణికిందే. చేతిలోనే పేలుద్దేమోనని భయమేసింది. నీకు తెలీదు కదా, నువ్వైతే భయపడకుండా నొక్కుతావని..."

కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఆ మనిషిని చూస్తే భయం వేసింది. ఆయన కారు ముందు తలుపు తీసి పట్టుకున్నారు. నేను వెనక తలుపు తీసుకుని కూర్చున్నాను.