విచారణలో కుర్చీ వేయించిన మా యమున

మా చెల్లెలి బిడ్డ యమున కష్టపడి గెలిచిన వాటిలో మొదటిది ఒక కుర్చీ. అందుకు మూడు వాయిదాలు పట్టింది.

తిమ్మాజిపేట బడిలో ఏడో తరగతి ఫస్టు, కబడ్డీలో మండలం కప్పు, పన్నెండేళ్లుగా బస్సు కండక్టరు. ఇవన్నీ సులువుగానే వచ్చాయి. కుర్చీ అట్లా రాలేదు.

తన డిపోలోనే జుబేర్ అని కొత్త కండక్టరు ఉన్నాడు. ఒకరోజు అచ్చంపేట బస్సులో వెంకటమ్మ అనే ముసలామె గొంగడిలో మేకపిల్లను చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జుబేర్ పసిపాప అనుకున్నాడు. ఆమెకు ఆడవాళ్ల ఉచిత ప్రయాణపు జీరో టికెట్టు కొట్టి, చప్పుడు చేయకుండా ముందుకు పోయాడు. తనిఖీవాళ్లు ఎక్కగానే పాప 'మే' అంది. మేకపిల్లకు టికెట్టు కొట్టలేదని జుబేర్ మీద విచారణ వేశారు. నౌకరీ పోయేటట్టుంది.

అట్లాంటప్పుడు తన తరఫున మాట్లాడేందుకు తోటి ఉద్యోగి ఒకరిని వెంట తెచ్చుకోవచ్చు. జుబేర్ యమునను అడిగాడు.

మొదటి వాయిదాలో అధికారి ఒక్కడే కూర్చున్నాడు. సాక్ష్యానికి వచ్చిన వెంకటమ్మను నిలబెట్టే అడిగారు. వెనక ఎవరో మేకలా అరిచారు, అందరూ నవ్వారు. ముసలామె బెదిరిపోయి "నాకేం తెల్వదు సారూ" అంది. అదే రాసుకున్నారు.

యమున గొంతు పెంచలేదు.

"సార్, జుబేర్‌కు, అవ్వకు కుర్చీలు ఏయించుండ్రి. వాళ్లు చెప్పుడు అయిపోయేదాక ఎవ్వరు నవ్వొద్దు. అవ్వను మళ్ల అడుగుండ్రి."

"ఇదేమన్న పెండ్లా అమ్మా, కుర్చీలు ఏయనీకి?"

"పెండ్లిల అలిగినోళ్లకు గూడ ఏస్తం సార్. నౌకరి పోయేటోనికి ఎయ్యమా?"

అర్జీ రాసిచ్చింది. రెండో వాయిదాలో యమునకు మాత్రం ఒక స్టూలు వేశారు. తను కూర్చోలేదు. జుబేర్ పక్కనే రెండు గంటలు నిలబడింది, 'సార్' అనకుండా ఒక్క మాటా మాట్లాడలేదు. మూడో వాయిదాకు పోయేసరికి గదిలో కుర్చీలున్నాయి, చెంబుతో నీళ్లున్నాయి.

కూర్చుని నీళ్లు తాగాక వెంకటమ్మకు మాట వచ్చింది. వెంట తెచ్చిన గొంగడి మూటను అధికారి చేతుల్లో పెట్టింది.

"జర పట్టుకో బిడ్డా, చెప్త."

ఆమె మొదటినుంచీ చెప్పుకొస్తుంటే ఆయన మూటను మెల్లగా ఊపుతూ విన్నాడు. చివరికి "మనుమరాలా అవ్వా?" అన్నాడు.

"మేకపిల్ల సారూ. మొన్నటిది పెద్దగైంది, ఇది దాని చెల్లె. నువ్వు గూడ జోకొడ్తివి."

గదిలో ఎవరూ నవ్వలేదు. మొదట నవ్వింది అధికారే. తర్వాత కలం తీసి, "జుబేర్ గారూ, మీ తప్పు లేదని రాస్తున్న" అన్నాడు. అంతకుముందు రెండు వాయిదాల్లో ఆయన నోట 'గారు' వినలేదని జుబేర్ ఇప్పటికీ చెప్తాడు.

ఆ కుర్చీలు మళ్లీ తీయలేదు. యమున ఇప్పటికి పదకొండు విచారణల్లో తోటివాళ్ల పక్కన కూర్చుంది. విచారణలో మనిషితో ఎట్లా మాట్లాడాలో మిగతా డిపోలవాళ్లకు చెప్పమని ఇప్పుడు హైదరాబాదుకు పిలిచారు. పోయేముందు అడిగాను:

"ఆడ నీకు కుర్చీ ఏస్తరా?"

"ఏస్తరు మామా. ఎదురుంగున్నోళ్లకు ఏసినంకనే కూసుంట."

తిరిగి జుబేర్ బస్సులోనే వస్తానంది. వచ్చేది ఈ మార్చి తొమ్మిది, సోమవారం.