పాత హెడర్, మల్లయ్య కాకా చెయ్యి

2023లో నేను జగిత్యాలలో మరమగ్గాలకు కంట్రోలర్లు చేసే చిన్న కంపెనీలో ప్రోగ్రామర్‌ని. పడుగు పోగు తెగితే మగ్గాన్ని ఆపాలి, మనిషి బటన్ నొక్కేదాకా మళ్లీ కదలనివ్వకూడదు. మా కంట్రోలర్ పెట్టె పని అదే.

ఆ పనికి రాసిన లైబ్రరీ, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్, నాది. అందులో ఏ విలువ ఎక్కడుందో వాటికి చెప్పేది హెడర్ ఫైల్. నేను ఆ విలువల స్థానాలు మార్చి, హెడర్‌నూ మార్చాను. కొత్త ఫైళ్లను పెట్టెలో వాటి చోట పెట్టే పని, అంటే ఇన్‌స్టాల్, కోడ్ నుంచి ప్రోగ్రాం తయారుచేసే (బిల్డ్ చేసే) బిల్డ్ సిస్టమే చేస్తుంది. కానీ ఏవి పెట్టాలో మనం చెప్పాలి. లైబ్రరీని చెప్పాను, హెడర్‌ను మరిచాను. నా లాప్‌టాప్‌లో ప్రోగ్రాం నా ఫోల్డర్‌లోని కొత్త హెడర్‌నే చదువుకుంది కాబట్టి తప్పు కనబడలేదు.

సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి షెడ్డులో, పెట్టెలోనే ప్రోగ్రాం బిల్డ్ చేశాను. అక్కడున్నది పాత హెడర్. అయినా ఒక్క ఎర్రర్ రాలేదు.

పోగు తెగింది, మగ్గం ఆగింది. దాన్ని నడిపే మల్లయ్య కాకా అలవాటుగా మెయిన్ స్విచ్ వైపు నడిచాడు.

"గదెందుకు కాకా? ఇగ కదలదు, చెయ్యి పెట్టు," అన్నాను.

కాకా పోగు అతకడానికి వంగాడు. మగ్గం దానంతటదే కదిలింది. కండెలు చుడుతున్న ఆయన భార్య రాజవ్వ ఉరికి మెయిన్ బంద్ చేసింది. కాకా వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు. చూపుడువేలి తోలు లేచింది.

"కరెంటుతోని అయిందా పిల్లగా?" అంది రాజవ్వ.

"అవును చిన్నమ్మా," అన్నాను, అసలు కారణం తెలియకుండానే.

మా ఊరు కోరుట్ల బస్సెక్కి లాప్‌టాప్ తెరిచాను. ఇన్‌స్టాల్ వరుసలో హెడర్ పేరు లేదు. పాత హెడర్ చదివిన ప్రోగ్రాం వేరే చోటి విలువను చూసి, బటన్ నొక్కారనుకుంది. కాకాకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మగ్గం నడుస్తుంటే ఫోన్ వినబడదు. మళ్లీ చేశాను. చందుర్తిలో దిగి ఆటోలో వెనక్కి వచ్చాను. వీధి నిండా మగ్గాల చప్పుడే. అందులో కాకాది ఉందో లేదో తెలియలేదు.

లోపల మెయిన్ బంద్ చేసి ఉంది. కాకా వంగి పోగు అతుకుతున్నాడు. రాజవ్వ స్విచ్ మీద చెయ్యి పెట్టి కాపలా నిలబడింది.

"కరెంటు గాదు కాకా. నాదే తప్పు. ఇందాక అబద్ధం చెప్పిన."

కాకా లేచి నన్ను చూశాడు. "ఇంతసేపు ఉట్టిగనే కరెంటోళ్లను తిట్టిన. నిన్ను తిట్టుడు పోయి."

ఇప్పుడు ఏ లైబ్రరీనైనా ముందు ఖాళీ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసి, అక్కడ పడిన ఫైళ్లతోనే ప్రోగ్రాం బిల్డ్ చేస్తాను. నా ఫోల్డర్‌ను నేను నమ్మను. ఆ సాయంత్రం హెడర్ సరిచేసి మెయిన్ వేశాక, మొదట పోగుల మధ్య పెట్టింది నా చెయ్యి. నేను తీసేదాకా రాజవ్వ మెయిన్ మీంచి తన చెయ్యి తీయలేదు.